బూట్లతో పట్టుకున్న కమ్మీ

2016లో, నౌపడ ఉప్పు మడుల్లో పని ఊపందుకున్న రోజుల్లో జరిగిందిది. అప్పటికి టెక్కలిలో నాకు డిష్షులు బిగించే చిన్న దుకాణం ఉండేది. డాబాల మీద, పెంకుటిళ్ళ మీద, చివరికి ఒక కోళ్ళ ఫారం మీద కూడా డిష్షు బిగించిన అనుభవం నాది. చక్రాల మీద నడిచే ఇంటికి బిగించడం మాత్రం అదే మొదలు. ఆ పని వల్ల ఒక మనిషి ప్రాణం నా చేతుల మీదుగా పోబోయింది. ఇన్నేళ్ళయినా, తడి నేల మీద నిలబడి ఇనుము ముట్టుకోవలసి వస్తే నా చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగిపోతుంది.

ఆ ఇల్లు గజపతినగరం నుంచి వచ్చిన వెంకటరత్నం సావుకారుది. ఆయన ఉప్పు వర్తకుడు. ఏటా మడుల పని జరిగే నెలల్లో నౌపడ వచ్చి, ఉప్పు కొని, రాయగడ దారిన పైకి పంపేవాడు. అక్కడ ఉండడానికి వసతి లేదని ఒక పాత మినీ బస్సు కొని ఇల్లుగా కట్టించుకున్నాడు. లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్యాను, గోడకు టీవీ. బస్సు కదులుతున్నంతసేపూ దీపాలు బ్యాటరీ మీద వెలిగేవి. ఆగినచోట, కొఠారు నుంచి, అంటే ఉప్పు నిలవ చేసే గోదాము నుంచి, ఒక పొడుగాటి వైరు లాగి బస్సు పక్కనున్న ప్లగ్గులో గుచ్చేవారు. టీవీ, మిక్సీ ఆ బయటి కరెంటు మీదే నడిచేవి. సావుకారు భార్య మహాలక్ష్మమ్మకు సాయంత్రం సీరియళ్ళు తప్పకూడదు. అందుకని నన్ను పిలిపించారు.

డిష్షు ముందు పొడుచుకొచ్చినట్టుండే చిన్న డబ్బాను ఎల్‌ఎన్‌బి అంటాం. ఆకాశం నుంచి వచ్చిన సిగ్నల్‌ను పట్టి కేబుల్లోకి దించేది అదే. దానికి కావలసిన కరెంటు సెట్‌టాప్ బాక్సు నుంచి అదే కేబుల్లో పైకి వెళుతుంది. పదమూడు వోల్టులు, లేదంటే పద్దెనిమిది. అంతకు మించదు. చేత్తో పట్టుకున్నా మనిషికి తెలియదు. ఆ తర్వాత నేను చూపించిన పొగరంతా ఈ అంకె మీదే నిలబడింది.

బస్సు కప్పు మీద డిష్షు నిలబెట్టి, కేబులును తలుపు పక్క చెక్క పలక వెంట కిందికి దించి, నాలుగు స్క్రూలతో పట్టీలు బిగించాను. ఇంటి గోడకూ బస్సు గోడకూ తేడా ఉంది. బస్సులో లోపల చెక్క, బయట రేకు, మధ్యన అంగుళం కూడా లేని ఖాళీ, ఆ ఖాళీలోనే కరెంటు వైర్లు. ఇది తెలిసే అర అంగుళం స్క్రూల పొట్లం కొత్తది కొని తీసుకెళ్ళాను. పని పూర్తయింది. బొమ్మ వచ్చింది. మహాలక్ష్మమ్మ నాకు పెసరట్టు పెట్టించింది.

పది రోజుల తర్వాత, ఒక గురువారం సావుకారు ఫోన్ చేశాడు. "ఏమయ్యా, బొమ్మ ముక్కలు ముక్కలైపోతన్నాది. మా ఆవిడ నన్ను బతకనిచ్చేలా లేదు. బేగి రా."

వెళ్ళాను. లోపం సులువుగానే దొరికింది. కేబులు చివర బిగించే ఇత్తడి మూతిని ఎఫ్ కనెక్టర్ అంటాం. కేబులు పైపొర జాలీలోంచి వెంట్రుకంత తీగ ఒకటి తప్పించుకుని నడిమి తీగను తాకుతోంది. బస్సు కుదుపులకు అలా జరుగుతుంది. కోసి కొత్తది వేశాను. సీరియల్ నాయిక మళ్ళీ నిలకడగా ఏడవసాగింది.

సంచి సర్దుకుంటుంటే వంటమనిషి నరసమ్మ తలుపు దగ్గరకొచ్చింది. సముద్రపు ఒడ్డున బెస్తవాడ ఆమెది. మొగుడు వేటకు పోతాడు. ఆమె మడుల పని జరిగినన్నాళ్ళూ సావుకారు బస్సులో వండి పెడుతుంది. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు.

"బాబూ, టీవీ బాగైతే అయినాది గానీ, ఈ బస్సులో ఏటో ఉన్నాది."

"ఏముంది?"

"తలుపుకాడ కమ్మీ అట్టుకుంటే సెయ్యి జుమ్మంతన్నాది. మొదట్ల సీమలు పాకినట్టుండేది. ఇప్పుడు మోసెయ్యి దాకా లాగతన్నాది. అదీని టీవీ ఎట్టినప్పుడే."

మహాలక్ష్మమ్మ మంచం మీంచే అందుకుంది. "నాకు రాదు, ఆయనకి రాదు, డ్రైవరుకి రాదు. దీనొక్కదానికే వస్తాదిట! ఈ బస్సు కింద ఎవడో పడి చచ్చిపోయాడని, దీన్ని కొన్న షెడ్డులో ఎవరో చెప్పారు. అప్పట్నుంచీ ఇదే గోల."

"ఆడే అమ్మగారూ," అంది నరసమ్మ. గొంతు తగ్గింది. "ఆడే కమ్మీ అట్టుకోని ఎక్కుతన్నాడు. నాకు బయ్యంగుంది."

నేను హేతువాదిని. ఆదివారాల్లో మిత్రులతో ఊళ్ళు తిరిగి, నిప్పుల మీద నడిచి, కొబ్బరికాయలోంచి మంట తెప్పించి, ఇందులో మహిమ లేదని జనానికి చూపించినవాణ్ణి. దెయ్యాన్ని చూపి బీదవాళ్ళను బెదిరించే ప్రతివాడి మీదా నాకు మంట. ఆ మంట మంచిదేనని ఇప్పటికీ అంటాను. కానీ ఆ రోజు దెయ్యమన్న మాట చెవిన పడగానే నాలో ఉపన్యాసకుడు లేచాడు, మెకానిక్కు పడుకున్నాడు.

బస్సు దిగాను. కొఠారు ముందు ఉప్పు బస్తాలు కుడుతున్న ఆడవాళ్ళు అయిదారుగురు చేతులు ఆపి చూస్తున్నారు. అంతమంది వినేవాళ్ళు దొరికితే నేనూరుకునే రకం కాదు.

"చూడు నరసమ్మా, ఈ కేబుల్లో ఉండేది పద్దెనిమిది వోల్టులు. అది ఎవర్నీ ఏమీ చెయ్యదు. చచ్చినవాడు అంతకన్నా చెయ్యలేడు. ఇదిగో, అందరూ చూడండి!" అని తలుపు కమ్మీని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. టీవీ లోపల మోగుతూనే ఉంది. "ఏమైంది నాకు? జుమ్మందా? భయం నీ బుర్రలో ఉంది, బస్సులో లేదు."

"ఏటే నరసమ్మా, దెయ్యానికి నీ సెయ్యే దొరికిందేటే!" అని బస్తాల దగ్గర ఒకామె అరిచింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నరసమ్మ ముఖం నల్లబడింది. "నవ్వండి, నవ్వండి. రేపు సుక్కురారం. దీపాలెట్టే యేల ఉప్పునీల్లు కలిపి మెట్లూ కమ్మీ అన్నీ కడిగీస్తాను. ఆడే పోతాడు." దిష్టికైనా గాలికైనా ఉప్పునీళ్ళతో గడప కడగడం ఆ పక్క ఆనవాయితీ.

"కడుగు. దెయ్యం పోదు గానీ మురికి పోతుంది," అన్నాను. మళ్ళీ నవ్వులు. గెలిచినవాడిలా బండెక్కాను.

మర్నాడు సాయంత్రం అయిదు దాటింది. టెక్కలిలోనే ఒక ఇంట్లో చెక్క అలమర వెంట కేబులు బిగిస్తున్నాను. పొట్టి స్క్రూలు కావలసి వచ్చి సంచి అడుగున వెతికాను. కొత్త పొట్లం చేతికి తగిలింది. సీలు విప్పి ఉండాలి. విప్పలేదు.

కొద్ది క్షణాలు నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. బస్సులో నేను వాడినవి ఇవి కావు. సంచి పైన అందుబాటులో ఉన్న, ఇంటి గోడలకు వాడే, ఒకటిన్నర అంగుళం స్క్రూలవి. అడుగు దాకా చెయ్యి పెట్టడానికి బద్ధకించాను. ఆ స్క్రూ చెక్కను దాటి, ఖాళీని దాటి, రేకుకు తగిలి ఉంటుంది. మధ్యలో ఉన్నది టీవీకి వెళ్ళే వైరు.

 ఆమె చెప్పిన మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. టీవీ పెట్టినప్పుడే, అంటే బయటి ప్లగ్గు గుచ్చినప్పుడే. మొదట చీమలు, ఇప్పుడు మోచెయ్యి దాకా. అంటే బస్సు ఇంజను కుదుపులకు స్క్రూ మొన వైరు తొడుగును రోజు రోజుకూ కోస్తోంది. నరసమ్మకే ఎందుకు? బస్సు రబ్బరు టైర్ల మీద నిలబడింది. రేకులోకి పాకిన కరెంటు నేలకు దిగాలంటే ఒక దారి కావాలి. సావుకారుకు బూట్లు, డ్రైవరుకు చెప్పులు, మహాలక్ష్మమ్మకు మెత్తటి రబ్బరు చెప్పులు. పనిమనిషి చెప్పులు బస్సు దగ్గరకు రాకూడదన్నది మహాలక్ష్మమ్మ నియమం. తడి నేల మీద ఒట్టికాళ్ళతో నిలబడి కమ్మీ పట్టుకునేది నరసమ్మ ఒక్కతే.

మరి నేను పట్టుకున్నాను కదా? లావుపాటి రబ్బరు అడుగున్న బూట్లతో పట్టుకున్నాను.

ఆ రోజు శుక్రవారం. ఆమె చేతిలో ఉప్పునీళ్ళు ఉంటాయి. మామూలు నీటికన్నా ఉప్పునీటిలో కరెంటు ఎంతో సులువుగా పారుతుంది. పొడి చర్మం కాస్తయినా అడ్డుకుంటుంది. ఉప్పునీటిలో నానిన చర్మం దాదాపు అడ్డుకోదు. కడగమని చెప్పింది నేనే.

సావుకారుకు ఫోన్ చేశాను. మడుల వైపు ఉన్నట్టున్నాడు, అందలేదు. మహాలక్ష్మమ్మకు చేశాను. మోగింది, మోగింది, తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో నాకు తెలుసు. సీరియల్ వేళ. టీవీ గట్టిగా పెట్టుకుని ఉంటుంది. టీవీ నడుస్తోందంటే ప్లగ్గు గుచ్చి ఉంది. ఆ టీవీని నిన్ననే చక్కగా బాగు చేసి వచ్చాను.

అలమర దగ్గర నిచ్చెన అలాగే వదిలేసి, సంచి భుజాన వేసుకుని బండి తీశాను. ఆ రోడ్డు మీద వందలసార్లు తిరిగాను. ఆ సాయంత్రం అది తరగలేదు. రైలు గేటు పడి ఉంది. గూడ్సు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి వెళుతుంటే, ప్రతి పెట్టెకూ ఆమె చెయ్యి కమ్మీకి ఎంత దగ్గరైందో అని లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. పడమట ఎర్రబడింది. కొఠార్లలో దీపాలు ఒకటొకటే వెలుగుతున్నాయి. గేటు లేచాక మళ్ళీ ఫోన్ చేశాను. మళ్ళీ మోగింది.

కొఠారు మలుపు తిరిగేసరికి కనిపించింది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, ప్లాస్టిక్ బకెట్టు పక్కన పెట్టుకుని, చీపురుతో కింది చెక్క మెట్టు కడుగుతోంది. పాదాల చుట్టూ నేలంతా నీళ్ళు. లోపల టీవీ మోగుతోంది.

"నరసమ్మా! కమ్మీ ముట్టుకోకు!"

తల తిప్పి నన్ను చూసింది. "ఒచ్చినావా? నిన్న నవ్వింది సాలనేదేటి? అందరికీ సూపించడానికి మల్లీ ఒచ్చినావా?"

"ముట్టుకోకు! చచ్చిపోతావ్!"

"నిన్నేమో ఏటీ నేదన్నావు. నీ మాట నాను ఇననంతే ఇనను," అని తడి గుడ్డ పిండి కమ్మీ వైపు చెయ్యి చాచింది.

ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. పరిగెత్తినా అందుకోలేను. వైరు గురించి, స్క్రూ గురించి చెప్పడానికి వ్యవధి లేదు. చెప్పినా నిన్నటి మనిషి మాట ఆమె ఎందుకు వింటుంది? గొంతు చించుకుని అరిచాను.

"నువ్వు చెప్పింది నిజం! నాదే తప్పు!"

ఆమె చెయ్యి ఆగింది. కమ్మీకి బెత్తెడు దూరంలో. ఆ వాక్యం ఎన్ని చర్చల్లో, ఎంతమంది ముందు, నా నోటి దాకా వచ్చి వెనక్కి పోయిందో నాకు తెలుసు. ఆమె చెయ్యి ఆగిన ఆ ఒక్క క్షణంలో కొఠారులోకి పరిగెత్తి, వైరు అటు చివరి ప్లగ్గు పీకేశాను. బస్సులో టీవీ ఆగిపోయింది.

"ఎవర్రా అది! ఇప్పుడే కదా పెళ్ళి ఆగింది!" అని లోపలి నుంచి మహాలక్ష్మమ్మ.

నేను అక్కడే ఉప్పు బస్తా మీద కూలబడ్డాను. 

తర్వాత అందరినీ దూరంగా నిలబెట్టి, టెస్టు ల్యాంపు కట్టాను. అంటే ఒక బల్బు, దానికి రెండు తీగలు. అంతే. ఒక తీగ కమ్మీకి చుట్టాను. రెండోది ఇనుప ఊచకు కట్టి, నరసమ్మ నిలబడిన తడి నేలలో దించాను. పక్కకు వచ్చి, ప్లగ్గు గుచ్చమని డ్రైవరుతో అన్నాను. బల్బు భగ్గున వెలిగింది, ఇంట్లో దీపంలాగే.  మహాలక్ష్మమ్మ తన రబ్బరు చెప్పుల వైపు చూసుకుంది.

స్క్రూ తీసి, పలక విప్పి నరసమ్మకు చూపించాను. ఎర్ర వైరు తొడుగు కోసుకుపోయి రాగి మెరుస్తోంది. ఎలా జరిగిందో ఏదీ దాచకుండా చెప్పాను. ఆమె స్క్రూను అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పింది.

"అంటే బస్సు కింద పడినోడు కాడన్నమాట."

"కాడు."

"దీన్ని ఎట్టింది నువ్వే."

"నేనే."

"అయితే నన్నిన్నాల్లూ అట్టుకున్న దెయ్యానివి నువ్వేటి, బాబూ!"

బస్తాల దగ్గర నవ్వు మళ్ళీ పుట్టింది. ఈసారి నా మీద. ఆమె నవ్వలేదు. తన కుడి చెయ్యి ఎడమ చేత్తో నిమురుకుంటూ నిలబడింది.

ఆ రాత్రికి ప్లగ్గు గుచ్చనివ్వలేదు. మర్నాడు వైరు మార్చి, దానికి గొట్టం తొడిగి, బస్సు రేకుకు ఎర్త్ తీగ వేసి, ఊచ నేలలోకి దించి, కరెంటు ఎక్కడైనా కారితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు పెట్టాను.

దెయ్యాలు లేవని నిన్నా చెప్పాను, నేడూ చెబుతాను. నరసమ్మ చెప్పిన కారణం తప్పు. ఆమె చెప్పిన సంగతిలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఎలా పెరుగుతోందో మీటరు చెప్పినట్టు చెప్పింది. నేను కారణాన్ని కొట్టెయ్యాలనే తొందరలో సంగతినీ కొట్టేశాను. పరీక్షించకుండా నమ్మడం మూఢత్వమని ఊరూరా చెప్పినవాణ్ణి, పరీక్షించకుండా కాదన్నాను. పైగా బూట్లతో నిలబడి దానికి ప్రయోగమని పేరు పెట్టాను.

ఇప్పుడు ఏ ఇంట్లో కరెంటు లోపం చూడవలసి వచ్చినా ముందు యజమానిని అడగను. సంచి కింద పెట్టి ఒకటే అడుగుతాను, ఈ ఇంట్లో చెప్పుల్లేకుండా తిరిగేదెవరని. వాళ్ళు వచ్చి, ఎక్కడ ఏమనిపించిందో చెప్పడం పూర్తయ్యేదాకా టెస్టరు జేబులోంచి తియ్యను.