బట్ట కత్తెర

మూడు క్రెడిట్ కార్డులు, ఒక ఓవర్‌డ్రాఫ్ట్. ఒకదాని బాకీ ఇంకోదానితో తీరుస్తూ వచ్చిన దర్జీకి చివరికి కుట్టుమిషన్ అమ్ముకునే గతి పట్టింది. అదీ పోతే చేతిలో పనుండదు. అందుకే సిగ్గు చంపుకుని, భార్యను వెంటబెట్టుకుని, బ్యాంకులో ‘సహాయం’ అని బోర్డు పెట్టిన బల్ల దగ్గరికి వెళ్ళాడు.

కార్డులు అంటగట్టేటప్పుడు దుకాణానికే వచ్చి ‘సార్, సార్’ అన్న బ్యాంకు ఇప్పుడు కూర్చోమని కూడా అనలేదు. అధికారి మాత్రం తియ్యగానే మాట్లాడాడు.

“అన్నీ కలిపి ఒకే లోన్ చేసేద్దామండీ. దాంతోపాటు కొత్త కార్డు ఉచితం.”

మునిగేవాడి మెడకి బండరాయి ఉచితంగా కట్టడాన్ని ఆ బల్ల దగ్గర సహాయం అంటారు. దర్జీ ఆ సహాయానికీ సంతకం పెట్టబోయాడు. భార్య పెన్ను లాక్కుంది.

“ముందు ఆ పాత కార్డులు ఇటివ్వు.”

సంచిలోంచి బట్ట కత్తెర తీసింది. దానితో పిల్లలు కాగితం ముక్క కత్తిరించినా అతను ఇల్లు పీకి పందిరి వేసేవాడు.

“పదును పోతుందే,” అని గొణిగాడు.

“సాన పట్టిద్దాంలే. మిషన్ పోతే ఏం పట్టిస్తావు?”

కార్డుల ముక్కలు బల్ల మీద పడ్డాయి. ఆమె అధికారి వైపు తిరిగింది. “వడ్డీ ఆపి, నెలకింతని కట్టించుకునే పద్ధతేం లేదా?”

“ఉందండీ,” అధికారి అడుగు సొరుగు లాగి ఓ ఫారం తీశాడు. “ఎవరూ అడగరు.”

“అడగందే చెప్పనివాడికి ఆ బోర్డెందుకు నాయనా?”

దర్జీ కత్తెరను చొక్కా అంచుతో తుడిచి సంచిలో పెట్టి, అప్పుడు పెన్ను అడిగాడు.