పదకొండు గ్రాముల తేడా

ఆయన అసలు పేరు పెన్షన్ కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. వీధి వీధంతటికీ ఆయన కాటా బాబాయి. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉన్నన్నాళ్లూ నిప్పులాంటి మనిషి. ఆయన బజారులో అడుగుపెట్టాడంటే దుకాణాలవాళ్లకు చెమటలు పట్టేవి. పళ్లెం అడుగున అంటించిన చింతగింజంత మైనాన్ని తడిమి చూడక్కర్లేకుండా, ముల్లు ఊగే తీరును బట్టే పట్టేసేవాడు. పట్టుకున్నాక అరవడాలూ తిట్టడాలూ ఉండేవి కావు. "ఒప్పుకుంటావా, కేసు రాయమంటావా?" అనేవాడు, అంతే. చాలామంది ఒప్పుకునేవాళ్లు.

రిటైరయినా ఆ జబ్బు వదల్లేదు. కళ్లజోడు పెట్టె అంత కాటా ఒకటి కొనుక్కుని చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. బిస్కెట్ పొట్లం, సబ్బుబిళ్ల, భార్య అల్లికకు తెచ్చుకున్న ఊలు ఉండ, ఏది ఇంటికొచ్చినా దాని మీదికి ఎక్కాల్సిందే. "నన్ను కూడా ఓసారి తూచండి, పెళ్లినాటికీ ఇప్పటికీ ఎంత తేడా వచ్చిందో తేలిపోతుంది" అనేది ఆవిడ. ఆ ఒక్క తూకం జోలికి మాత్రం ఆయన పోలేదు. చాదస్తం ఉంది గానీ, తెలివి లేనివాడేమీ కాదు.

వీధి మలుపులో, లాండ్రీకీ కళ్లజోళ్ల దుకాణానికీ మధ్య ఓ చిన్న సుషీ హోటల్ ఉంది. తొమ్మిది స్టూళ్లు, ఒక పొడుగాటి చెక్క బల్ల, బల్ల అవతల వంటాయన. నలభై దాటినవాడు, మాటలో మహా పొదుపరి. వెనిగర్ కలిపిన గోరువెచ్చటి అన్నం వేళ్ల మధ్యకు తీసుకుని రెండు నొక్కులు నొక్కి, పైన పచ్చి చేప ముక్క కప్పి, మన ముందున్న పలక మీద పెడతాడు. దాన్ని చేత్తో తీసుకుని నోట్లో వేసుకోవడమే. ఆరేళ్ల కిందట మొదటిసారి భార్య లాక్కొస్తే, "పచ్చి చేప తినడానికి నేనేమన్నా కొంగనా?" అని బాబాయి గొణిగాడు. కానీ ఆయన కళ్లు చేప మీద కాక వంటాయన చేతుల మీద పడ్డాయి. ఆ చెయ్యి కాటా వైపు చూడదు, గిన్నెతో కొలవదు. ఉండబట్టలేక మూడు ముక్కలు వరసగా తూచాడు. మూడూ ఇరవై తొమ్మిది గ్రాములు.

"అది చెయ్యి కాదే, కాటాకు అమ్మమ్మ!" అన్నాడు భార్యతో. అప్పట్నుంచి ప్రతి గురువారం సాయంత్రం ఆరున్నరకి ఆ చివరి రెండు స్టూళ్లూ వాళ్లవే. అంత నమ్మకం కుదిరిన చోట కాటాకు పనేముంటుందని, అక్కడ మళ్లీ దాన్ని జేబులోంచి తీయలేదు.

ఐదు నెలలుగా ఆయన గొంతు ఆయన మాట వినడం లేదు. అన్నం ముద్ద సగం దూరం వెళ్లి అక్కడే భీష్మించుక్కూర్చునేది. నీళ్లతో నెట్టాల్సి వచ్చేది. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు, భార్యకు చెప్పలేదు. ఆవిడ అక్కకు ఇలాగే మొదలైంది, ఏడాది తిరక్కుండానే ఆమె పోయింది. ఆ రోజుల్లో భార్య ఎలా నలిగిపోయిందో ఆయన చూశాడు. ఇప్పుడు ఈ మాట ఇంట్లో ఎత్తడానికి ఆయనకు నోరు రాలేదు. భయమేసింది, ఉన్నమాట అది. అందుకే ఆకలి లేదనో గ్యాస్ అనో చెప్పి కంచం పక్కకు జరిపేవాడు.

సుషీ దగ్గర కూడా ఒకసారి పరువు పోయినంత పనైంది. ముక్క అడ్డం పడి, కళ్లలో నీళ్లు తిరిగి, ముఖం కందిపోయింది. "చేప కింద రాసిన కారం ఘాటు ఎక్కువైంది" అని తప్పించుకున్నాడు. భార్య పకపకా నవ్వింది. చిత్రమేమిటంటే, ఆ తర్వాతి గురువారం నుంచీ అక్కడ ప్రతి ముక్కా హాయిగా దిగిపోతోంది. తగ్గుముఖం పట్టిందనుకున్నాడు. ఇంట్లో ఇంకా ఆగుతున్నా, అది కూడా నెమ్మదిగా సర్దుకుంటుందనుకున్నాడు. వారమంతా గురువారం కోసం ఎదురుచూసేవాడు.

"నా చేతి వంట చేదైపోయింది, ఆయన చేతి పచ్చి చేప తీపైపోయింది" అని భార్య మూతి ముడిచేది. ఆ మాట పడటమే మేలని ఊరుకునేవాడు.

ఆ గురువారం ఇద్దరూ ఒకే చేప అడిగారు. ఎప్పుడూ విడివిడిగా వచ్చే ముక్కలు ఆ రోజు రెండు పలకల మీదా ఒకేసారి వచ్చాయి. ఆవిడది, పక్కనే ఓ పిసరు చిన్నగా ఆయనది. ముప్పై ఒక్క ఏళ్ల కన్ను అది, ఊరుకుంటుందా? చెయ్యి జేబులోకి పోయింది.

"ఏమండీ, ఇది ఇల్లు కాదు" అంది ఆవిడ.

ఆయన వినలేదు. ఆవిడ ముక్క తూచాడు. ఇరవై తొమ్మిది. తన ముక్క తూచాడు. పద్దెనిమిది.

"పదకొండు గ్రాములు!" అన్నాడు. హోటలంతా వినపడింది. "నీ చెయ్యి తప్పదు. అంటే తెలిసే చేశావు. ఒప్పుకుంటావా?"

అటు చివర కూర్చున్న లాండ్రీ ఆవిడ నోటిదాకా తెచ్చిన ముక్కను దించేసింది. "బాబాయి గారూ, నాది కూడా ఓసారి చూడండి" అంది.

వంటాయన కత్తి తుడిచి పక్కన పెట్టాడు. బాబాయిని దాటి ఆయన భార్య వైపు ఒక్క క్షణం చూశాడు. "ఒప్పుకుంటున్నానండీ. నాలుగు నెలలుగా మీకు తక్కువే పెడుతున్నాను. తప్పు నాదే" అన్నాడు.

"నువ్వా నాయనా! నువ్వు ఇలాంటి పని చేస్తావనుకోలేదు" అని బాబాయి భార్య సంచీ భుజానికి తగిలించుకుంది. "లేవండి. ఇంక ఈ గడప తొక్కేది లేదు."

బాబాయి లేవలేదు. ఒప్పుకునేవాళ్లను ఆయన వందలమందిని చూశాడు. వాళ్లు నేల చూస్తారు, లేకపోతే పక్కచూపులు చూస్తారు. ఈ మనిషి చూపు నేల మీద లేదు, తన గొంతు మీద ఉంది. నాలుగు నెలలంటే, ముక్క అడ్డం పడిన ఆ సాయంత్రం దగ్గర్నుంచి అన్నమాట. బాబాయికి ఒక్కసారిగా మొత్తం అర్థమైంది. తన గొంతు బాగుపడలేదు. ముద్ద చిన్నదైంది.

ఇప్పుడు లేచి భార్య వెంట వెళ్లిపోతే చాలు, విషయం ఎప్పటికీ బయటపడదు. ఈ వంటాయన నోరు విప్పడు. దొంగ అన్న పేరు మోస్తూ ఇక్కడే నిలబడతాడు, రేపట్నుంచి ఎవరొచ్చినా ముక్క వైపు అనుమానంగా చూస్తారు. బాబాయి రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు.

"నాకు మింగుడుపడటం లేదే" అన్నాడు.

"ఎవరికి పడుతుంది? ఇంత నమ్మి వస్తే ఇలా చేశాక..."

"అది కాదు. అన్నం. అన్నం మింగుడుపడటం లేదు. ఐదు నెలలైంది."

ఆవిడ భుజం మీది సంచీని బల్ల మీదికి దించింది.

"మీ అక్క గుర్తొచ్చి నీకు చెప్పలేకపోయాను" అన్నాడు. తర్వాత లాండ్రీ ఆవిడకు కూడా వినపడేలా గొంతు పెంచాడు. "ఈయన తూకంలో కొట్టలేదమ్మా. నా గొంతుకు పట్టినంత చేసి పెడుతున్నాడు. తప్పు నాది."

లాండ్రీ ఆవిడ సిగ్గుపడి, దించిన ముక్కను నోట్లో వేసుకుంది.

బాబాయి భార్య మెల్లగా కూర్చుంది. "నీకెలా తెలిసింది నాయనా?" అని అడిగింది.

"నేను ఎదురుగా నిలబడతాను కదా పిన్నిగారూ. మీరు పక్కన కూర్చుంటారు. పక్క నుంచి కనపడదండీ."

ఆ జవాబు ఆయన ఆవిడను ఓదార్చడానికే చెప్పాడు. కానీ ఆవిడకు అదే గట్టిగా తగిలింది. ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసి కూడా, ఈ ఐదు నెలల్లో భర్త కంచం జరిపినప్పుడల్లా తను అలిగిందే తప్ప ఒక్కసారి కూడా ఎందుకని చూడలేదు. కళ్లు తుడుచుకుని, స్టూలును కిర్రుమనిపిస్తూ భర్త వైపు తిప్పుకుంది.

"తినండి. నేను చూడాలి" అంది.

ఆయన తన ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. ఆవిడ రెప్ప వేయకుండా ఆయన గొంతునే చూస్తూ కూర్చుంది. దిగింది.

"రేపు పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. గ్యాస్ అన్నారంటే ఊరుకోను" అంది. ఆయన తలూపాడు.

ఆవిడ బల్ల మీదుగా వంటాయన ముందుకు కుడి అరచేయి చాపింది. "ఆయనకు పెట్టే ముద్ద ఎంతో నా చేతిలో పెట్టు నాయనా. ఇంట్లో పెట్టాల్సింది నేనే కదా."

వంటాయన వేళ్లు తడుపుకుని, కాస్త అన్నం తీసి, రెండు నొక్కులు నొక్కి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ గుప్పిట మూసి చూసుకుంది. వేళ్ల మధ్య అది ఉన్నట్టే లేదు.

"ఇంతేనా?" అంది.

"ఇప్పటికి ఇంతేనండీ" అన్నాడు వంటాయన.