దానియేలు మాస్టారి ముక్కు కోసం ఆళ్లగడ్డకు

ఈ ప్రయాణం సరదాకు చేసింది కాదు, కోపంతో చేసింది. చదివేవాళ్ళు ముందే తెలుసుకుంటే మంచిది. శుక్రవారం సాయంత్రం రూతు ఫోన్ చేసింది. చాగలమర్రి దగ్గరి పల్లెలో బడిపంతులుగా పనిచేసిన దానియేలు మాస్టారి కూతురు ఆమె. మాస్టారు చర్చిలో హార్మోనియం వాయిస్తూ పాడేవారు. చుట్టుపక్కల ఎక్కడ క్రైస్తవ సంగీత సభ జరిగినా ఆయన ఉండాల్సిందే. పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడిక నాటికి సమాధి దగ్గర ఆయన ముఖం చెక్కిన రాయి నిలబెట్టాలని ఆళ్లగడ్డలో ఒక శిల్పికి పని అప్పగించారు. "రాయి అయిపోయిందక్కా. మాయమ్మ చూసి, ఈయప్ప ఎవురు అనింది. ఇది నిలబెడితే నేను సమాధి కాడికే రాను అంటాంది. నువ్వు నంద్యాల సభలో నాయన్ను ఫోటోలు తీసినావు గదా, ఉండాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాను. శిల్పికి మీరిచ్చిన ఫోటో ఒకసారి పంపమన్నాను. పంపింది. అది చూశాక నాకు అన్నం సహించలేదు.

అదే సభలో రూతు వెనక వరసలో కూర్చుని, ఫోన్లో జూమ్ చేసి తీసిన ఫోటో అది. అంత దూరం నుంచి ఫోన్‌కు ముఖం సరిగ్గా కనపడదు. కనపడనప్పుడు మసకగా చూపించి ఊరుకోవాలి కదా? ఊరుకోదు. లోపల కూర్చున్న కృత్రిమ మేధ తనకు తెలిసిన నానా ముఖాలూ కలిపి ఒకటి వండి అక్కడ అతికిస్తుంది. మాస్టారి ముక్కు లావు, మధ్యలో కాస్త వంకర. ఫోన్ దాన్ని కోటేరేసినట్టు నిటారుగా చేసింది. ఆయన ముందరి పన్ను సగం విరిగి ఉండేది. ఫోన్ దాన్ని అతికించింది. పాట పైస్థాయికి వెళ్ళినప్పుడు ఆయన పెదవి ఎడమ పక్కకు లాగేది. ఫోన్ దాన్ని సరిచేసి చిరునవ్వుగా మార్చింది. ఆ మనిషి ఏ టీవీ సీరియల్లోనో మామగారి వేషానికి పనికొస్తాడు గానీ దానియేలు మాస్టారు మాత్రం కాడు.

శనివారం పొద్దున్నే కర్నూలు బస్టాండులో నంద్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రెండు గంటల ప్రయాణం. మగవాళ్ళకైతే వంద దాటుతుంది, ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టే. కండక్టర్ నా కార్డు చూసి, నన్ను చూసి, మళ్ళీ కార్డు చూశాడు. "ఇది నువ్వేనా అక్కా?" "నేనే అన్నా. ఆధార్ ఫోటోలో ఎవురు బాగుంటారు చెప్పు." "బాగలేకపోయినా పోల్చుకోవచ్చు లే" అని టికెట్ కొట్టిచ్చాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు దండం పెట్టాలనిపించింది. సీట్లో కూర్చుని ఫోన్ తెరిస్తే టెక్ వార్తలు. ఇంకో కొత్త ఫోన్ వస్తోందట. ఇక కెమెరాల అవసరమే లేదట. మనం తీసినది కాదు, తీయాలనుకున్నది చూపిస్తుందట. ఇంతకీ నేను ఏం తీయాలనుకున్నానో దీనికెవరు చెప్పారు? ఆ వార్తలు రాసేవాళ్ళైనా ఒక్క ప్రశ్న అడుగుతారా అంటే అదీ లేదు. కంపెనీ వాడు ఇచ్చిన కాగితాన్ని అచ్చు వేసి, కింద కొనుక్కునే లింకు పెడతారు.

నంద్యాలలో దిగేసరికి ఆకలి దంచుతోంది. బస్టాండు బయట బండి మీద బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాను. యాభై రూపాయల్లో కడుపు నిండుతుంది. మధ్యాహ్నం దాకా ఇంకేమీ అక్కర్లేదు. బజ్జీలు దేవుతున్న పెద్దాయన నా కెమెరా సంచీని చూసి, "ఫోన్ ఉండంగా ఈ మూట ఏంటికి మోస్తాండావమ్మా?" అన్నాడు. మామూలు రోజైతే నవ్వేదాన్ని. "ఈ మూట అబద్ధం చెప్పదు పెద్దాయనా" అని ఉన్న కోపమంతా ఆయన మీద చూపించాను. ఆయన ఇంకో బజ్జీ విస్తరాకులో వేసి, "కారం తక్కువుండాది, తిను" అన్నాడు.

ఫోటోలు ప్రింటు వేయించడానికి దగ్గర్లో ఉన్న కలర్ ల్యాబ్‌కు వెళ్ళాను. ల్యాబులు తొమ్మిదిన్నర దాటితే గానీ తెరవరు, ఆ లెక్కన బయలుదేరండి. పెన్‌డ్రైవ్ ఇచ్చి, ఉన్నది ఉన్నట్టు కొట్టమని చెప్పాను. అరగంటకు ప్రింట్లు చేతికొచ్చాయి. మాస్టారు పెళ్ళికొడుకులా తెల్లగా మెరిసిపోతున్నారు. చెంప మీది పులిపిరి మాయం. "కొంచెం ఫేస్ క్లీన్ చేసినా మేడమ్, అందరికీ చేస్తాం, ఎక్స్‌ట్రా ఏం తీసుకోం" అన్నాడు ల్యాబ్ అతను, మేలు చేసినవాడిలా. ఫోన్ సంగతి సరే, మనుషులకేం వచ్చింది? నేను గొంతు పెంచాను. అతను నొచ్చుకున్నాడు. "నల్లగా వస్తే తిట్టిపోతారు మేడమ్, మీరేమో తెల్లగా వస్తే తిడతాండారు. మేం ఎట్ల చావాల?" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు, అందుకే నాకు ఇంకా మండింది. పక్కన నిలబడి మళ్ళీ కొట్టించుకున్నాను. ఈసారి పులిపిరి వచ్చింది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు కడప వైపు వెళ్ళే ఏ బస్సైనా చాలు. హైవే మీదుగా, శిరివెళ్ల దాటుకుని, గంట పడుతుంది. ఎడమ పక్క కిటికీ దొరికితే నల్లమల కొండలు తోడుగా వస్తాయి. నాకు దొరికింది గానీ కొండల మీద ధ్యాస లేదు, ప్రింట్లు ఒళ్ళో పెట్టుకుని ఆ సభే తలుచుకుంటున్నాను. నంద్యాలలో ఒక పెళ్ళి మండపంలో జరిగింది. సంగీత సభలు ఫోటోలు తీసే సరదా ఉన్నవాళ్ళకు తెలుసు, వేదిక మీద మన శత్రువు చీకటి కాదు, ఊదారంగు ఎల్‌ఈడీ లైటు. దాని కింద ఎవరి ముఖమైనా వంకాయే. దానికి తోడు పొగ మిషను. ముందు వరసలన్నీ పైకెత్తిన ఫోన్లే. నేను పాత కెమెరాకు ముఖాలు తీసే ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సు తగిలించుకుని, సౌండు బాక్సు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. పాడే మనిషిని తీయాలంటే పాట వినాలి. శ్వాస ఎక్కడ తీసుకుంటాడో, ఎక్కడ పైకి వెళ్తాడో తెలియాలి. ఊదా లైటు పక్కకు తిరిగిన ఆ కాసేపట్లో మాస్టారు పైస్థాయి అందుకున్నారు. మెడ నరాలు తేలాయి, పెదవి పక్కకు లాగింది, విరిగిన పన్ను కనపడింది. నొక్కాను. ఫోటో నిండా గరుకే, ఇసుక చల్లినట్టు. అయినా మాస్టారు ఉన్నారు.

ఆళ్లగడ్డలో దిగి శిల్పుల దుకాణాలు అంటే ఎవరైనా చూపిస్తారు. రోడ్డు పక్కనే దేవుళ్ళు, నాయకులు, నందులు సగం సగం చెక్కి నిలబెట్టి ఉంటారు. గ్రైండరు మోత, తెల్లటి దుమ్ము. కెమెరా సంచీ జిప్పు తెరవకుండా ఉండటం మేలు. రూతు, వాళ్ళమ్మ మరియమ్మ నాకంటే ముందే వచ్చి రేకుల షెడ్డు కింద కూర్చున్నారు. శిల్పి నరసింహాచారి అరవై దాటిన మనిషి, అప్పటికే మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. రాతి పలక మీది గోనెసంచి తీసి చూపించాడు. నున్నటి నల్లరాయిలో అదే సీరియల్ మామగారు, నోరు మూసుకుని, ప్రశాంతంగా.

"ఫోటోలో ఉండేదే చెక్కినా. పళ్ళు కనపడకుండా నోరు మాత్రం మూసినా, అది మా పద్ధతి. తప్పు యాడుందో చెప్పండి" అన్నాడు ఆచారి.

"ఫోటోనే తప్పు ఆచారీ" అని ప్రింట్లు చేతికిచ్చాను. ఆయన రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పిన మాట నేను ఊహించనిది. విగ్రహాలకు ముఖాన్ని మూడు సమానభాగాలు చేస్తారు. నుదురు ఒకటి, ముక్కు ఒకటి, గడ్డం దాకా ఒకటి. మనుషుల ఫోటోలు ఆ కొలతకు ఎప్పుడూ సరిపోవు, కుస్తీ పడాల్సి వస్తుంది. ఫోన్ ఫోటో మీద గళ్ళు గీస్తే మాత్రం గీతలన్నీ చక్కగా కుదిరాయట. "లక్షణమైన ముఖం, పంతులు పుణ్యాత్ముడు అనుకుంటి" అన్నాడు. దేవుళ్ళను చెక్కే చేతికి ఆ ముఖం అనుమానం తెప్పించలేదు, సంతోషం తెప్పించింది. నేను తిట్టాలని తెచ్చుకున్న తిట్లన్నీ ఎవరికివ్వాలో తెలియలేదు. రూతు తలవంచుకుని, "ఆ ఫోటో స్టేటస్ పెడితే అందరూ బాగుండాడు అనిరక్కా" అంది. ఆ పిల్ల మీదా అరవలేకపోయాను.

రాతిలో ముక్కు సన్నం చేశాక మళ్ళీ లావు చేయడం కుదరదు. తీసేయడమే తప్ప అతికించడం ఉండదు. ఆచారి ఒక దారి చెప్పాడు. పలక మందంగానే ఉంది, తిరగేసి వెనక వైపు అసలు ముఖం చెక్కుతాడు. ఈ ముఖం వెనక్కి, సమాధి వెనకున్న గోడ వైపుకు పోతుంది. ఎవరికీ కనపడదు.

మరియమ్మ లేచి వచ్చింది. "వద్దప్పా. ఈయప్ప ఎవురో ఏమో. ఆయన వీపుకు ఇంకో మగాన్ని అంటించి పెడతావా? ముందు ఇది అరగదీయి. ఆనేక చెక్కు."

"అరగదీస్తే పలక పల్చన అవుతాదమ్మా."

"అయితే కానీలే."

ఆచారి గొణుక్కుంటూ ప్రింట్లు తిరగేశాడు. నావన్నీ పాడుతున్న ఫోటోలే, అన్నిట్లో నోరు తెరిచే ఉంది. మూసిన ముఖం ఒక్కటి కూడా లేదా అని నన్నడిగాడు. లేదన్నాను. "నోరు తెరిచి చెక్కకూడదమ్మా. మా నాయన కాన్నుంచి చెక్కలేదు. వాన పడితే ఆ గుంతలో నీళ్ళు నిలుస్తాయి. నాచు పడతాది. ఏడాది తిరిగేసరికి నోరంతా పచ్చగా అవుతాది, చూల్లేరు."

మరియమ్మ ఒక ప్రింటు అందుకుని రెండు చేతులతో పట్టుకుంది. విరిగిన పన్ను దగ్గర వేలు పెట్టింది. "పడనీ అప్పా, నేను పోయి తుడుస్తా. మంచాన పడినప్పుడు ఈ నోరు తుడిచింది ఎవురు? నేనే గదా."

ఆచారి లేచి గ్రైండరు వైరు తగిలించాడు. ఆ నిటారు ముక్కు ముందు పోయింది, తర్వాత చిరునవ్వు. దుమ్ము లేస్తుంటే మేమందరం పక్కకు జరిగాం, మరియమ్మ మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పూర్తయ్యేదాకా చూసింది.

తిరుగు బస్సులో కూడా నా కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా నేను అనుకోవడం లేదు. మసక ఫోటో ఉంటే మనకు తెలుసు, ఇది మసక అని. అప్పుడు ఇంకొకరిని అడుగుతాం, వెతుక్కుంటాం, కనీసం గుర్తు తెచ్చుకుంటాం. స్పష్టంగా ఉన్న అబద్ధం ఆ వెతుకులాటనే చంపేస్తుంది. ఒక మనిషి పోయాక ఆయన ముక్కును ఇంకెవరి ముక్కుతోనో మార్చేసి, దాన్ని సదుపాయం అని అమ్ముతున్నారు. మనం వరసలో నిలబడి కొంటున్నాం. నాకు మాత్రం గరుకు ఫోటో చాలు. పులిపిరి ఉన్న ముఖం చాలు.

చివరగా ఒక్క సలహా. ఆళ్లగడ్డకు రాయి చెక్కించడానికి వెళ్ళేవాళ్ళు ఎంత మంచి ఫోటో ఉన్నా దాన్ని మాత్రమే నమ్ముకోకండి. ఆ మనిషితో కాపురం చేసినవాళ్ళనో, కలిసి పెరిగినవాళ్ళనో వెంట తీసుకెళ్ళి, మొదటి గీత గీసేటప్పుడు శిల్పి పక్కన కూర్చోబెట్టండి. ఒక పూట పోతుంది, పోనివ్వండి. ఆ రోజు నేను బస్సుకు బయలుదేరే వేళకు ఆచారి అరగదీసిన రాతి మీద సుద్దముక్కతో గీస్తున్నాడు, మరియమ్మ పక్కన స్టూలు మీద కూర్చుంది. ముక్కు గీసిన ప్రతిసారీ ఆయన తలెత్తి చూస్తున్నాడు. ఆమె "ఇంకా లావప్పా, ఇంకా" అంటూనే ఉంది.