వేలు ముందు, బియ్యం తరువాత

మా రేషను స్టోరు బియ్యం రెండు చోట్ల ఉంటాయి. గదిలో కొన్ని, సర్వరులో కొన్ని కాదు. గదిలో ఉన్నవే సర్వరులోనూ ఉంటాయి. గదిలోవి నేను చేత్తో ముట్టుకుంటాను. సర్వరులోవి బందరులో కూర్చున్న సార్లు చూస్తారు. ఆ రెండూ ఎప్పుడూ సమానంగా ఉండాలి. తక్కువైతే నేను అమ్ముకున్నట్టు, ఎక్కువైతే జనానికి ఎగ్గొట్టినట్టు. ఎలుక తిన్నా నేనే తిన్నట్టు. డీలరుగా నేను చదువుకున్న చదువంతా ఇదే.

అసలు చదువు నాకు లేదు. సంతకం వచ్చు, అంకెలు వచ్చు. అక్షరాలైతే కూడబలుక్కోవాలి. డీలర్షిప్పు మా ఆయనది. ఆయన పోయాక కార్డులవాళ్ళే ఆఫీసుకు వెళ్ళి, ఆమెకే ఇవ్వండి, ఇంకెవరూ మాకొద్దు అని కూర్చున్నారు. అలా నా పేరు మీదికి వచ్చింది. అది పోతే నాకు ఇంకో బతుకుతెరువు లేదు. ఇది ముందే చెప్పి పెడుతున్నాను.

మా ఊరు దివిసీమ చివర. ఊరు దాటితే మడ అడవి, మడ దాటితే సముద్రం. నేను పుట్టింది గుడివాడ దగ్గర. అక్కడ మాకు వరి తప్ప ఇంకోటి తెలియదు. పెళ్ళై ఇక్కడికి వచ్చాకే పోటూ పాటూ తెలిశాయి. సముద్రపు నీళ్ళు కాలువలోకి ఎక్కితే పోటు, దిగితే పాటు. పాటుతో పడవలు వెళ్తాయి, పోటుతో తిరిగి వస్తాయి. ఆ నీటికి ఆదివారం లేదు, ఆఫీసు టైము లేదు.

స్టోరులో వేలిముద్రల మిషనుకు మాత్రం టైము ఉంది. పొద్దున అది తెరుచుకునేదాకా ఎవరూ ఏమీ చేయలేరు. తెరుచుకున్నాక కార్డు నంబరు కొడతాను. మనిషి వేలు పెడతాడు. ఆ వేలు టవరెక్కి ఎక్కడికో వెళ్ళి, ఈ మనిషి ఆ మనిషేనా అని అడుగుతుంది. అక్కణ్ణుంచి ఇంకో చోటికి వెళ్ళి, ఇతని బియ్యం ఇంకా ఉన్నాయా అని అడుగుతుంది. జవాబు తిరిగొచ్చాక సంచిని కాటా మీద పెట్టాలి. కాటాకూ మిషనుకూ మధ్య తీగ లేదు గానీ మాటలున్నాయి. తూకం సరిగ్గా పడితేనే మిషను ఒప్పుకుని చీటీ కక్కుతుంది. చీటీ వచ్చిన క్షణంలోనే అక్కడ బందరులో నా బియ్యం తగ్గిపోతాయి.

ఇదంతా పొద్దున్నయితే చిటికెలో అయిపోతుంది. ఎండెక్కేకొద్దీ రాష్ట్రంలోని రేషను డిపోలన్నీ ఆ సర్వరు మీదే పడతాయి. ఇక మిషను మీద చిన్న చక్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాన్ని చూస్తూ జనం నన్ను తిడుతూ ఉంటారు. సముద్రం మీద బతికే మా ఇళ్ళకు ఇంకో చిక్కు ఉంది. ఆడవాళ్ళు రొయ్యల తలలు తీసీ తీసీ, వాళ్ళ వేళ్ళ మీద గీతలు మిగల్లేదు. మిషను వాళ్ళను మనుషులుగా ఒప్పుకోదు. మగవాళ్ళ వేలే కావాలి. మగవాళ్ళేమో పాటు నీటితో పోయే మనుషులు.

అందుకని మా ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ముందు రోజు సాయంత్రమే ఇంటింటి వాళ్ళూ ఖాళీ సంచి నా దగ్గర పడేసిపోతారు. ఎవరి కార్డుకు ఎంతో అంత తూచి పోసి ఉంచుతాను. పొద్దున మిషను తెరవగానే మగవాళ్ళు వల భుజాన వేసుకుని వస్తారు, తమ సంచి మూతికి ముడి వేసి వేలు పెడతారు, నేను వాళ్ళ సంచి కాటా మీదికెత్తి దించుతాను, చీటీ వస్తుంది, వాళ్ళు పడవకు పరిగెత్తుతారు. సంచి మాత్రం నా దగ్గరే మూలన ఉంటుంది. అప్పటికి ఇళ్ళకు తాళాలు. ఆడవాళ్ళు చేపల బుట్టలతో ఆటోలెక్కి బందరు పోయి ఉంటారు. సాయంత్రం వచ్చి ఎవరిది వాళ్ళు పట్టుకుపోతారు. పేర్లు రాసే పని లేదు. ఎవరి సంచి మూతి వాళ్ళ వల తాడుతోనే కట్టి ఉంటుంది. ఒకరి ముడి ఇంకొకరు వేయరు. ఇన్నేళ్ళలో ఒక సంచి మారింది లేదు.

అలాంటి ఒక పొద్దున, పడవలు వెళ్ళి ఎంతోసేపు కాలేదు, స్టోరు ముందు జీపు ఆగింది. తనిఖీ సారు బందరు నుంచి వచ్చాడు. కుర్రవాడేమీ కాదు, నెమ్మదస్థుడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. అప్పుడే నాకు భయం పట్టుకుంది. కేకలేసే సారైతే ఏదో ఒకటి చెప్పి బయటపడొచ్చు.

"మిషను ఇలా ఇవ్వండమ్మా."

ఇచ్చాను. అందులో మిగులు చూశాడు. గదిలో బస్తాలు లెక్కపెట్టించాడు. తరువాత మూలకు చూశాడు.

"ఆ సంచులేమిటి?"

"ఇచ్చేసినవండి."

"ఇచ్చేసినవి ఇక్కడెందుకున్నాయి?"

"ఇచ్చానండి. వాళ్ళు తీసుకెళ్ళలేదు. అంతే."

ఆయన తన ఫోను నా ముందు పెట్టాడు. వరసగా నా చీటీల టైములు. ఒకదాని వెనక ఒకటి, మధ్యన ఊపిరి తీసుకునే సందు కూడా లేదు. "ఇంత వేగంగా ఏ డిపోలోనూ జరగదమ్మా. మనిషి వేలు వేసి, సంచి పట్టి, బియ్యం పోయించుకుని దిగడానికి కొంత టైము పడుతుంది. మీ డిపో ఒక్కటే ఇలా పరిగెత్తుతోంది. సర్వరే పట్టుకుంది. నన్ను చూసి రమ్మన్నారు."

పొద్దున పూట సర్వరు నాకు మేలు చేస్తోందనుకున్నాను. అది నన్ను కనిపెట్టుకుని ఉందని నాకేం తెలుసు.

పద్ధతంతా చెప్పాను. పాటు సంగతి, వేళ్ళ సంగతి, ముడుల సంగతి. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. విని, "అమ్మా, మీరు అబద్ధం చెబుతున్నారని నేను అనను. కానీ సర్వరుకు ఇచ్చారు, ఇవ్వలేదు, ఈ రెండే తెలుసు. ఇచ్చి ఉంచాను అనేది దానికి లేదు. ఇచ్చినట్టు చూపించి బియ్యం ఉంచుకున్నవాళ్ళు చెప్పేదీ ఇదే మాట" అన్నాడు.

"అయితే ఏం చేస్తారండి?"

"ప్రతి సంచికీ ఒక మనిషి వచ్చి, ఇది నాది, నేనే ఉంచమన్నాను అని చెప్పాలి. చెప్పని సంచి ఒక్కటి మిగిలినా కేసు రాయాలి. కేసు రాస్తే డిపో ఇంకొకరికి అప్పగిస్తారు."

పక్కింటి వదిన, ఎండు చేపల వ్యాపారం చేసే మనిషి, అప్పటికే గడపలో నిలబడి వింటోంది. ఆమే ఫోన్లు మొదలుపెట్టింది. "ఒసే, బేరం ఆపి రండే, స్టోరు మూసేస్తున్నారు" అని బందరు చేపల బజారు దాకా వినిపించేలా అరిచింది.

ఒక్కొక్కరే వచ్చారు. బుట్టలతోనే, నీచు వాసనతోనే వచ్చారు. సారు ఒక్కొక్కరినీ విడిగా అడిగాడు. ఒకామెకు చిర్రెత్తింది.

"మా బియ్యం మేం ఎక్కడ పెట్టుకుంటే మీకేంటండీ? మీ బీరువాలో చొక్కాలన్నీ మీరు ఒక్క రోజే తొడుక్కుంటారా?"

"తొడుక్కోనమ్మా. కానీ నా చొక్కాలు పక్కింట్లో ఉంచను."

"మీ పక్కింటివాళ్ళు ఎలాంటోళ్ళో మరి."

జీపు డ్రైవరు నవ్వాడు. సారు కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మూలన సంచులు తగ్గుతుంటే నేను వాటినే చూస్తున్నాను.

మధ్యాహ్నానికి ఒక్క సంచి మిగిలింది. నీలం నైలాను తాడు, రెండు చుట్లు, మీద అడ్డంగా ఒక ముడి. అది మా బాబాయిది. నాకు చుట్టం కాదు, ఊరందరికీ బాబాయే. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు, ఒంటి కార్డు. ఒక్కడే చిన్న పడవలో పోతాడు. ఫోను ఉంది గానీ తడుస్తుందని ఇంట్లో పెట్టిపోతాడు.

"ఇది ఎవరిదో నేను చెబుతాను కదండీ," అంది వదిన. "ఊరంతా చెబుతుంది."

"ఊరు కాదమ్మా. ఆయన చెప్పాలి."

"ఆయన పోటుకు గానీ రాడు."

సారు గడియారం చూసుకున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. "ఉందాం" అన్నాడు. నేను మజ్జిగ ఇస్తానన్నాను, వద్దన్నాడు. తన సీసాలో నీళ్ళే తాగాడు. కేసు రాయబోయే ఇంట మజ్జిగ తాగకూడదని కాబోలు. ఆ మర్యాద నన్ను ఇంకా బెదరగొట్టింది.

ఎండ తిరిగాక అందరం కాలువ గట్టుకు నడిచాం. నీళ్ళు ఇంకా ఎక్కలేదు. బురద మీద పీతలు తిరుగుతున్నాయి. నేను ప్రార్థన చేసుకోవాలనుకున్నాను గానీ సగంలోనే మరిచిపోయాను. బాబాయి ఏం చెబుతాడో అదొక్కటే బుర్రలో తిరుగుతోంది. ఆయన మాట ఎప్పుడూ తిన్నగా ఉంటుంది. అడిగినదానికి అడిగినంతే చెబుతాడు. అదే నా భయం. సారు ఏమని అడుగుతాడో దాన్ని బట్టి ఉంది నా బతుకు.

నీళ్ళు కదిలాయి. ఒకటి రెండు పడవలు వచ్చాయి, ఆయనవి కావు. తరువాత మడ మలుపు దగ్గర ఆయన తలగుడ్డ కనిపించింది. వదిన అరవబోతే సారు చేయెత్తాడు.

"ఎవరూ ఏమీ నేర్పకండి. ఎవరు మాట్లాడినా నేను కేసు రాసుకుని వెళ్ళిపోతాను."

పడవ గట్టుకు తగిలింది. బాబాయి మోకాలి లోతు బురదలో దిగి మమ్మల్నందరినీ చూశాడు. ఎవరో చచ్చిపోయారనుకున్నాడట, తరువాత చెప్పాడు.

"ఈ నెల బియ్యం తీసుకున్నారా?" సారు అడిగాడు.

"లేదండి."

సారు కాగితం తీసి ఆ మాట రాసుకున్నాడు. వదిన చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"వేలు వేశారా?"

"వేశానండి. పొద్దున."

"వేలు వేసి బియ్యం తీసుకోలేదా? ఎందుకు తీసుకోలేదు? ఆమె ఇవ్వనందా?"

బాబాయి సారును పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "పడవలో బియ్యమెందుకండీ? ఉప్పునీళ్ళు తగిల్తే అవి బియ్యమా? అమ్మాయి దగ్గర ఉంచమన్నాను. ఎప్పుడూ ఉంచుతుంది. ఆకలైనప్పుడు వెళ్ళి తెచ్చుకుంటాను." అని నా వైపు తిరిగి, "ఏం అమ్మాయ్, ఎవరైనా ఎత్తుకుపోయారా ఏంటి?" అన్నాడు.

తల అడ్డంగా ఊపాను.

సారు ఆ మాటలు కూడా రాసుకున్నాడు. అంతా రాసి, బాబాయి చేత వేలిముద్ర వేయించాడు, కాగితం మీద. అది మాత్రం ఎక్కడా ఎవర్నీ అడగకుండానే పడింది. తరువాత నన్ను పక్కకు పిలిచాడు.

"కేసు రాయడం లేదమ్మా. హెచ్చరిక అని రాస్తున్నాను. కానీ వినండి. వచ్చే నెల నుంచి చీటీ వచ్చాక సంచి మీ గడప లోపల ఉండకూడదు. ఒక్కటి కూడా. ఈసారి నేను వచ్చాను. ఇంకోసారి ఇంకొకరు వస్తారు. వాళ్ళు పోటు దాకా ఆగరు."

సరేనన్నాను. సంతకం పెట్టమన్న చోట పెట్టాను. రెండు అక్షరాలు గీత దాటి కిందికి పోయాయి.

మరుసటి నెల మాట నిలబెట్టుకున్నాను. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నవాళ్ళు ఏదో సర్దుకున్నారు. ఒకరి తమ్ముడు, ఒకరి మరిది మోసుకుపోయారు. బాబాయి పొద్దున్నే వచ్చి అలవాటుగా వేలు చాపాడు.

"సంచి తీసుకెళ్ళాలి బాబాయ్. ఇక్కడ ఉంచడానికి లేదు."

"పాటు లాగేస్తోంది అమ్మాయ్. ఇల్లెక్కడ, పడవెక్కడ."

"అయితే వేలు వేయకు. రేపు రా."

మరునాడు వేట బాగుంది. ఆ తరువాత గాలి తిరిగి రెండు పూటలు అవతలి గట్టునే ఉండిపోయాడు. ఇంకోనాడు వచ్చేసరికి ఎండెక్కి, సర్వరు పలకలేదు. అలా అలా ఆ నెలకు మిషను గడువు దాటిపోయింది. గడువు దాటాక ఎవరి వేలూ ఏ తలుపూ తెరవదు. మా ఇంటి బియ్యం కొలిచి పళ్ళెంతో పట్టుకెళ్ళాను. "నాకు కార్డుంది కదే. అడుక్కు తినే రోజు వస్తే నేనే వచ్చి చెబుతాలే" అని వెనక్కి పంపేశాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ పై నెల, పంపిణీ మొదలైన రోజు, మిషను తెరిచేసరికి అరుగు మీద బాబాయి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వల లేదు, తలగుడ్డ లేదు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"వేటకు పోలేదా బాబాయ్?"

"సముద్రానికి సెలవు పెట్టాను."

వేలు పెట్టాడు. సర్వరు వెంటనే పలికింది. సంచి కాటా మీద పెట్టాను, దించాను, చీటీ ఇచ్చాను. ఆయన తాడు ముడి ఒకసారి లాగి చూసుకుని, సంచి భుజానికెత్తుకున్నాడు. అప్పుడే పాటు మొదలైంది. కాలువలో పడవలు ఒకదాని వెనక ఒకటి మడ మలుపు తిరుగుతున్నాయి. ఎవడో పడవ మీద నుంచి ఆయన్ని కేకేసి పిలిచాడు. బాబాయి అటు తిరగలేదు. బరువుకు మెడ వంచుకుని ఇంటివైపు నడిచాడు.