కట్టకు ఇరవై ఐదు

మా వాడలో ఎవరూ మెల్లగా మాట్లాడరు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. ప్రతి రెండో ఇంటి పక్కన ఒక సాంచాల షెడ్డు ఉండేది. పొద్దున మొదలైన టకటకలు ఆగవు, ఆ చప్పుడు మీదుగా మాట వినపడాలంటే గొంతు పెంచాల్సిందే. అందుకని కుంఠా నాకా దగ్గరి మా చిన్న బడిలో నేను లెక్కలు చెప్పినా, ఆదివారం పూజ అయ్యాక పిల్లలకు సత్యోపదేశం, అంటే మా మతపాఠాలు, చెప్పినా, బయటి నుంచి వినేవాళ్లకు కొట్లాడుతున్నట్టే ఉండేదట. అందులో సగం తప్పు సాంచాలది. మిగతా సగం నాది. నాకు కోపం ముక్కు మీదే ఉండేది.

కోపంతో పాటు కాస్త గర్వం కూడా. మా నాన్న ఉపదేశి, అంటే ఫాదర్ రాలేని చోట జనాన్ని కూర్చోబెట్టి జపాలు చెప్పించే మనిషి. తాతల కాలంలో తెలంగాణ నుంచి ఈ మరాఠీ ఊరికి మగ్గాల పనికి వచ్చినవాళ్లతో నిండిన వాడ మాది. అందులో కథోలిక కుటుంబాలు గుప్పెడే. ఆ గుప్పెడు ఇళ్లకూ ఆయన సైకిల్ మీద తిరిగేవాడు. ఆయన పోయాక సైకిల్ తమ్ముడికి, సత్యోపదేశం నాకు వచ్చాయి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. జపాల సంగతిలో నాకు తెలియనిది ఉండదనుకునేదాన్ని.

ఇది ఎనభైల చివరి మాట. ఆ ఏడు మొదటి సత్ప్రసాదానికి, అంటే పూజలో ఫాదర్ ఇచ్చే పవిత్ర అప్పం మొదటిసారి తీసుకోవడానికి, నా దగ్గర పదకొండు మంది పిల్లలు తయారవుతున్నారు. ఎనిమిదేళ్ల పిల్లలకు అంతకన్నా పెద్ద పండగ లేదు. తెల్లబట్టలు, తలలో పూలు, చేతిలో కొవ్వొత్తి. కానీ అంతకు ముందు ఫాదర్ ఒక్కొక్కరినీ పిలిచి ప్రశ్నలు అడుగుతారు. చెప్పలేకపోతే వచ్చే ఏడు చూద్దామంటారు. పిల్లలు రెండు రోజులు ఏడ్చి మర్చిపోతారు. తల్లులకే తల కొట్టేసినట్టు ఉంటుంది.

ఆ పదకొండు మందిలో ఒక ఆడపిల్ల ఉండేది. సన్నగా, రెండు జడలతో, అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. రెండేళ్ల కిందటే ఆ కుటుంబం భివండీ నుంచి మా వాడకు వచ్చింది. తండ్రి సాంచాల మీద పనిచేసేవాడు, హిందువు. తల్లి మా మతమే, ఇంట్లో బీడీలు చుట్టేది. వాళ్లది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. అది అతని వాళ్ల పద్ధతిలో జరిగింది, మా గుడిలో జరగలేదు. గుడిలో కాని పెళ్లి చేసుకున్నవాళ్లకు సత్ప్రసాదం ఉండదు, అందుకని తొమ్మిదేళ్లుగా ఆమె సత్ప్రసాదం తీసుకోవడం లేదు. అయినా ప్రతి ఆదివారం పూజకు వచ్చేది. చెప్పులు విడిచే చోటికి దగ్గరగా ఆఖరి వరుసలో కూర్చునేది. సత్ప్రసాదం కోసం అందరూ లేచి ముందుకు వెళ్తుంటే కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చేది.

ఒకసారి నేనే అడిగాను, ఎప్పుడూ వెనకే కూర్చుంటావేమని. బడిలో పాఠం చెప్పే ఆడవాళ్లను ఇక్కడ బాయి అంటారు. పిల్లల తల్లులు కూడా నన్ను అలాగే పిలిచేవాళ్లు.

"నాకేం లేదు బాయీ," అంది. "నా బిడ్డ ముంగటికి పోయి తీస్కుంటే సాలు. నేను పోయినట్టే. ఆ ఒక్క దినం కోసమే కూసుంటున్న."

ఆ మాట విన్నాక ఆ పిల్ల పరీక్ష నా పరీక్ష కూడా అయిపోయింది.

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో ఒక శనివారం మధ్యాహ్నం ఫాదర్ పిల్లల్ని కూర్చోబెట్టుకున్నారు. ఆయన పెద్దాయన, మరాఠీ మనిషి, మా కోసమని తెలుగు నేర్చుకున్నారు. నేను కిటికీ పక్కన నిలబడి వింటున్నాను. ఆ పిల్ల పది ఆజ్ఞలూ చెప్పింది. పరలోక జపం తడుముకోకుండా చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడాయన అన్నిటికన్నా తేలికది అడిగారు. జపమాల చెప్పేటప్పుడు ఒక పరలోక జపానికి ఎన్ని మంగళవార్త జపాలు?

"ఇరవై అయిదు," అంది పిల్ల.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ అడిగారు. పిల్ల మళ్లీ అదే చెప్పింది, ఈసారి ఇంకాస్త గట్టిగా. జపమాలలో పూసలు పదేసి ఉంటాయి, పూసకొక మంగళవార్త, అంటే మరియమాత జపం. పాలు తాగే పిల్లలు కూడా తల్లి మెడలో వాటిని పట్టుకుని ఆడుకుంటారు. ఫాదర్ నా వైపు తిరిగి, "ఈమెకి ఇంకా టైమ్ కావాలి, బాయి. వచ్చే ఏడు బఘూ," అన్నారు. చూద్దాం అని.

మిగతా పది మందీ గట్టెక్కారు. తప్పింది ఈమె ఒక్కతే. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లను పక్క గదిలోకి తీసుకెళ్లి పలక మీద పది గీతలు గీశాను.

"ఎన్ని ఇవి?"

"పది."

"జపమాలలో ఎన్ని?"

"ఇరవై అయిదు."

"ఎవరు చెప్పారే నీకు?"

"మా అమ్మ."

"మీ అమ్మకు తెలియదు. పది అను."

పిల్ల పెదాలు బిగించింది. నేను పలక తీసి బల్లకేసి కొట్టాను. అంచు విరిగి కింద పడింది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని కూడా ఆ పిల్ల పది అనలేదు. "మా అమ్మ అబద్ధం సెప్పదు," అంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అంటారే, అదిగో ఆ రకం అనుకున్నాను. ఆ సామెత ఆ గదిలో ఎవరికి సరిగ్గా సరిపోతుందో అప్పుడు తట్టలేదు.

మర్నాడు తల్లీ కూతుళ్లిద్దరూ పూజకు రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు. చెప్పుల దగ్గరి ఆ ఖాళీ చోటు మీదికే నా చూపు పోయేది. సోమవారం బడి వదిలాక వాళ్లింటికి బయల్దేరాను. క్షమించమని అడగడానికే వెళ్లానని రాసుకోవాలని ఉంది గానీ, కాదు. పిల్లకు తప్పు నేర్పినందుకు ఆ తల్లికి నాలుగు చీవాట్లు పెట్టడానికే వెళ్లాను.

ఒకటే గది. గోడకు నేతవాళ్లు కొలిచే మార్కండేయుడి పటం, దాని పక్కనే మరియమాత పటం. ఒకే పూలదండను రెండు ముక్కలు చేసి రెంటికీ వేశారు. పక్కన మేకుకు జపమాల వేలాడుతోంది. ఆమె గడప దగ్గరి వెలుతురులో, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవబోయింది. పని ఆపొద్దన్నాను. ఆమె కూర్చుని నేను నిలబడితే తిట్టడం తేలిక.

"గుడికి రావడం ఎందుకు మానేశావు?" అన్నాను.

"ఏమని రావాలె బాయీ. కార్ఖానల నాసి బీడీలు ఏరి పక్కకు ఇసిరేస్తరు సూడు, నా బిడ్డను గట్లనే తీసేసిండ్రు. నా పెండ్లి సంగతి మనసుల పెట్టుకునే తీసేసిండ్రో ఏమో."

"నీ పెళ్లికీ దానికీ సంబంధం లేదు. తప్పు చెప్పింది, తీసేశారు. పది చోట ఇరవై ఐదని నేర్పిందెవరు మరి?"

"నేనేం నేర్పలే బాయీ," అని ఆమె తల వంచేసింది. చేతులు మాత్రం ఆగలేదు. ఆకు తీసింది, తంబాకు పోసింది, చుట్టింది, దారం కట్టింది. పెదాలు కదులుతున్నాయి. నన్నే తిట్టుకుంటోందేమో అనుకుని చెవి పెట్టాను. మంగళవార్త జపం. బీడీ చాటలో పడేసరికి జపం ముగిసింది. ఇంకో ఆకు తీసింది, ఇంకో జపం మొదలైంది. ఎదురుగా పిల్ల కూర్చుని, తయారైన బీడీలు ఒక్కొక్కటే ఎంచుతూ తల్లితో పాటే జపం చెబుతోంది. ఇరవై ఐదు కాగానే వాటిని కట్ట కట్టింది. కట్టకు దారం చుట్టినంతసేపూ ఇద్దరూ పరలోక జపం చెప్పారు. కట్ట పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టారు.

అప్పటికి ఆమెకు విషయం అర్థమైనట్టుంది, నాకూ అయింది.

"రెండు చేతులు ఖాళీ ఉండయి గద బాయీ, జపమాల ఎట్ల పట్టుకోవాలె," అంది మెల్లగా. "మా అమ్మ గిట్లనే చెప్పేది. బీడీకొక మంగళవార్త, కట్టకొక పరలోక జపం. బిడ్డ సూసి నేర్సుకుంది."

నేను గోడకు ఆనుకుని కూలబడ్డాను. ఆమె రోజుకు నలభై కట్టలు చుట్టేది. అంటే వెయ్యి మంగళవార్త జపాలు. ఉపదేశి కూతురిని నేను రోజూ ఆవలిస్తూ చెప్పేవి యాభై. ఎంత సిగ్గేసిందంటే, తెచ్చుకున్న చీవాట్లన్నీ ఎక్కడికి పోయాయో తెలియలేదు. పిల్లను దగ్గరికి పిలిచి, పలక పగలగొట్టినందుకు నా మీద కోపంగా ఉందా అని అడిగాను.

"పలక నాది గాదు, మీదే గద బాయీ," అంది.

ఆ సాయంత్రమే ఫాదర్‌కు జరిగిందంతా చెప్పాను, పలక సంగతితో సహా. ఆయన మర్నాడు నాలుగింటికి తన పాత మోపెడ్ మీద వాళ్లింటి ముందు దిగారు. నేనూ వెంట వెళ్లాను. ఆమె కంగారుపడి చాట పక్కన పెట్టబోతే, వద్దు, పని చేస్తూనే ఉండమని చెప్పి గోనెపట్టా మీద కూర్చున్నారు. జేబులోంచి జపమాల తీశారు. ఆమె బీడీ మొదలుపెట్టింది, ఆయన జపం మొదలుపెట్టారు. పది పూసలు కాగానే, నలభై ఏళ్ల అలవాటు కదా, ఆయన పరలోక జపం అందుకున్నారు. తల్లీ కూతుళ్లు ఆగలేదు. పదకొండో బీడీ మీద ఉన్నారు. ఆయన నాలుక కరుచుకుని వెనక్కి వచ్చి వాళ్లతో కలిశారు. ఇరవై దాటేసరికి ఆయన మోకాళ్లు అటూ ఇటూ సర్దుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్నాను. పిల్ల కట్ట కట్టాకే పరలోక జపం వచ్చింది.

ఫాదర్ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "ఇంట్లో ఎన్ని?"

"ఇరవై అయిదు."

"గుడిలో?"

పిల్ల నా వైపు చూడలేదు. తల్లి వైపు చూసింది.

"గుడిల పదే బిడ్డా," అంది తల్లి. "ఆడ అందరం కలిసి చెప్తం. అందరికి ఒక్కటే లెక్క ఉండాలె. ఇంట్ల మన చేతుల లెక్క మనది. రెండు నిజమే."

"అయితె గుడిల పది," అంది పిల్ల ఫాదర్‌తో. అమ్మ నోట వచ్చేసరికి ఎంత సులువుగా అనేసిందో.

"పాస్," అన్నారు ఆయన. తర్వాత తల్లిని అడిగారు. "నువ్వెందుకు ముందుకు రావు?"

ఆమె చాటలోకి చూస్తూ తన పెళ్లి సంగతి చెప్పింది. దాన్ని సరిచేసుకోవచ్చని ఎవరూ చెప్పలేదా అన్నారాయన. ఆమె లేదన్నట్టు తల ఊపింది. నేను నేల చూపులు చూశాను. నాకు తెలుసు. అలాంటి పెళ్లిళ్లు గుడిలో ఆశీర్వాదం చేయించడానికి మా నాన్న ఎన్ని ఇళ్ల చుట్టూ తిరిగాడో నా కళ్లతో చూశాను. రెండేళ్లుగా ఈమెను ఆఖరి వరుసలో చూస్తూ కూడా ఆ ఒక్క మాట చెప్పాలని నాకు తోచలేదు. పిల్లలకు జపాలు అప్పజెప్పించడమే పని అనుకున్నాను.

అంతలో భర్త పని నుంచి వచ్చాడు. జుట్టు నిండా, కనుబొమల మీద కూడా దూది నుసి. నేల మీద ఫాదర్‌ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చిందనుకున్నాడట. ఫాదర్ నిదానంగా చెప్పారు. నీ మతం మారక్కర్లేదు, గుడిలో ఇద్దరూ మళ్లీ ఒకసారి మాట ఇచ్చుకుని సంతకం పెడితే చాలు అని.

"మార్కండేయుని పటం తియ్యమంటరా?"

"లేదు."

"గింతేనా," అన్నాడు. "తొమ్మిదేండ్ల కింద చెప్తే అప్పుడే పెడుదు గద ఫాదర్. దినమంత ఆ మరియమ్మతోనే మాట్లాడుతది ఈమె. ఆ తల్లి కాడ నా సంతకం గూడ ఒకటి ఉంటే మంచిదే."

ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. చాటలోని తంబాకు కాస్త నేలపాలైంది.

బిషప్ గారి అనుమతి కాగితం రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఈస్టర్ అయ్యాక ఒక గురువారం సాయంత్రం, ఎవరికీ చెప్పకుండా, గుడిలో ఆ పెళ్లికి ఆశీర్వాదం అయింది. సాక్షులం నేనూ తమ్ముడూ. పిల్ల పూలు పట్టుకుని మధ్యలో నిలబడింది. అమ్మానాన్నల పెళ్లి చూసింది నేనొక్కదాన్నేనని ఆ వారమంతా క్లాసులో చెప్పుకుని, మిగతా పది మందిని కుళ్లబెట్టింది.

సత్ప్రసాదం ఆదివారం పొద్దున తల్లి గుడి ముందు నన్ను ఆపి చేతులు చూపించింది. నిమ్మకాయతో తోమిందట, ఇసుకతో తోమిందట, తంబాకు వాసన పోలేదట. "గీ చేతులతోటి ఎట్ల పోవాలె బాయీ?" అంది. ఆ చేతులు నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. పలక పగలగొట్టినందుకు క్షమాపణ నేను చెప్పింది అప్పుడే. ఆమెకు వినపడిందో లేదో, పక్క షెడ్డులో సాంచా ఒకటి ఆదివారం కూడా నడుస్తోంది.

పదకొండు మంది పిల్లలూ సత్ప్రసాదం తీసుకున్నాక పెద్దల వంతు వచ్చింది. ఆమె ఆఖరి వరుసలోంచి లేచింది. అక్కడి నుంచి ముందుదాకా నడిచి, నోరు తెరిచి తీసుకుంది. మళ్లీ వెనక్కి పోబోతుంటే పిల్ల కొంగు పట్టి తన పక్కనే ముందు వరుసలో కూర్చోబెట్టుకుంది. ఆమె కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. వాటితో పాటే ఒళ్లో వేళ్లూ కదిలాయి. ఆకు లేదు, తంబాకు లేదు, వేళ్లు మాత్రం చుడుతున్నాయి, కడుతున్నాయి, పక్కన పెడుతున్నాయి. పిల్ల ఆ వేళ్లనే చూస్తూ ఎంచుతోంది. వెనక కూర్చుని నేనూ ఎంచాను. పది కాగానే పిల్ల తల్లి చేతి మీద చెయ్యి వేసింది.

"అమ్మా, ఇది గుడి," అంది, మా వాడ గొంతుతో, గుడి మొత్తానికీ వినపడేలా.

తల్లి కళ్లు తెరవకుండానే నవ్వింది. కూతురి చెయ్యి కిందే, ఆమె వేళ్లు పదకొండోది మొదలుపెట్టాయి.