తడితల పిన్ని

ఇరవై ఏళ్లుగా ఆమె పని నుంచి తడిసిన తలతోనే ఇంటికి వచ్చేది. అత్తగారు తువ్వాలు పట్టుకుని గుమ్మంలోనే కాచుకుని ఉండేది. వారం రోజులుగా తల పొడిగా వస్తోంది. తువ్వాలు ఏం చేసుకోవాలో తోచక అత్తగారు దాన్ని తన భుజాన వేసుకుని ఆరా మొదలుపెట్టింది.

"ఏమే, పని పోయిందా? నాతో చెప్పకుండా పొద్దంతా ఎక్కడ కూర్చుని వస్తున్నావే?"

పోలేదు గానీ, పోయేలాగే ఉంది.

గొడుగుల ఫ్యాక్టరీలో ఆమెది ఆఖరి బల్ల. కుట్టిన ప్రతి గొడుగూ విప్పి, జల్లు గొట్టం కింద నిలబడి, ఇరవై దాకా లెక్కపెడుతుంది. నెత్తిన చుక్క పడకపోతే పిడి మీద ముద్ర. పడితే పక్కకు. అందుకే అందరికీ తడితల పిన్ని అయింది. భర్త పోయాక ఇంట్లో మిగిలిన ఇద్దరికీ అన్నం పెడుతున్నది ఆ ముద్రే.

కొత్త మేనేజరు వచ్చీ రాగానే కుట్టుకి నాసిరకం దారం తెప్పించాడు, నీళ్లు ఆపించాడు. "కంటితో చూస్తే చాలదూ? ముద్ర కొట్టెయ్."

పిన్ని కంటితోనే చూసింది. కుట్ల కంతల్లోంచి ఎదురు కిటికీ కనబడింది. ముద్ర కొట్టలేదు. నాలుగు వందల గొడుగులు గుట్ట పడ్డాయి.

"రోజూ దణ్ణం పెట్టుకుని పని మొదలుపెడతావు, ఆ దేవుడికా నీ భయం?" అన్నాడు మేనేజరు. "గొడుగు కింద ఏం చేసినా పైనున్నాయనకి కనబడదులే."

"ఇవి కారే గొడుగులు కదండీ. కంతల్లోంచి చూసేస్తాడు."

కుట్టుమిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మేనేజరు మొహం కందగడ్డయింది. "శనివారం లారీ వస్తుంది. అప్పటికి ముద్రలు పడకపోతే సోమవారం నువ్వుండవు!"

శనివారం లారీ వెనకే యజమానీ దిగాడు. ముసలాయన, మెత్తనివాడు. గుట్ట చూసి "ఏమిటిది?" అన్నాడు.

"ఈవిడ చాదస్తం సార్! ఒక్కటీ కారదు. కావాలంటే నేనే నిలబడతా," అంటూ మేనేజరు గుట్టలోంచి ఒక గొడుగు లాగి, విప్పి గొట్టం కింద నిలబడ్డాడు.

"వద్దండీ," అంది పిన్ని.

"ఏం, భయమా?"

"మీ కోటు గురించండీ."

"కుళాయి తిప్పమంటుంటే!"

తిప్పింది.

మేనేజరు చిరునవ్వు చెదరనివ్వలేదు. నీళ్లు ముందు చెవి వెనక నుంచి దిగాయి, తర్వాత కాలర్లో దూరాయి, ఆ తర్వాత మొహమాటం మానేశాయి.

"చూశారా సార్, ఒక్క చుక్క లేదు!"

"మరి ఆ ముక్కు మీదదేమిటయ్యా?"

"చెమట సార్."

"మీసం నుంచి కారేదో?"

"అదీ చెమటే సార్. ఇక్కడ మహా ఉక్క."

పుల్లలు బిగించే ముసలమ్మ నేల మీద చతికిలబడి మరీ నవ్వింది. పిన్ని కుళాయి కట్టబోయి, నవ్వు ఆగక ఎటు తిప్పాలో మరిచిపోయి ఇంకా తెరిచేసరికి, మేనేజరుకి 'చెమట' మరీ ఎక్కువైంది.

యజమాని కూడా కళ్లు తుడుచుకున్నాడు. లారీ వైపు చూశాక మాత్రం ఆయన నవ్వు తగ్గింది.

"తల్లీ, మాటిచ్చేశాను. ఈ ఒక్కసారికి కొట్టెయ్యమ్మా. బజార్లో అందరూ నీ ముద్ర చూసే కొంటారు. నా మొహం చూసి..."

అరిచేవాణ్ణి కాదనడం తేలికే, బతిమాలేవాణ్ణి కాదనడమే కష్టం. పిన్నికి సోమవారం గుర్తొచ్చింది. వంటింట్లో డబ్బాలు గుర్తొచ్చాయి.

"మీ మొహం చూసే కొట్టలేకపోతున్నా బాబుగారూ. నన్ను నమ్మి వానలోకి వెళ్లినవాళ్లందరికీ అది చెమటని నేను చెప్పలేనండీ."

మేనేజరు పెద్దగా తుమ్మాడు. ఆ తుమ్ముకి మళ్లీ అందరూ పకపకా నవ్వారు. బయట లారీ హారన్ మోగుతూనే ఉంది. యజమాని లారీ వైపోసారి, గుట్ట వైపోసారి చూశాడు.

పని ముగిసిందని గంట కొట్టారు. పిన్ని ఇంకు డబ్బా మూత పెట్టింది. చేతులు కడుక్కుని, పొట్టలు పట్టుకుని నవ్వుతున్న ఆడవాళ్ల మధ్యలోంచి, తనూ నవ్వుతూ బయటికి నడిచింది. బల్ల పక్కన నాలుగు వందల గొడుగులూ, ఒక్కదానికీ ముద్ర లేకుండా, అలాగే పడి ఉన్నాయి.