జేజి పలికిన పేరు

నా చిన్నప్పుడు మా పల్లెలో ఏ కోడలూ మా కొండ పేరు పలికేది కాదు. అహోబిలం పోయే దోవలో, నల్లమల అంచున పన్నెండిళ్ల పల్లె మాది. కొండ మీది సామి ఓబులప్ప, అందుకని అది ఓబులప్ప కొండ. ఇంటి పెద్దకొడుక్కి ఆ సామి పేరే పెట్టడం మా ఆనవాయితీ కాబట్టి మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, కూడా ఓబులప్పే. మొగుడి పేరు నోట పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని ఆయన భార్య, మా జేజి గట్టి నమ్మకం. కోడళ్లు మామ పేరు అనకూడదు, తమ్ముళ్ల పెళ్లాలు బావ పేరు అనకూడదు. పల్లె అంతా ఒకే వంశం, ఆడబిడ్డలందరూ పెళ్లిళ్లయి వేరే ఊళ్లకు పోయారు. మిగిలిన ఆడవాళ్లందరికీ అది 'సామికొండ'. తెల్లదొర వచ్చేదాకా దాంతో ఎవరికీ ఇబ్బంది రాలేదు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఎండాకాలం. కొండలు కొలిచి, వాటి పేర్లు పటంలోకి ఎక్కించే దొర ఒకడు చింతతోపులో డేరాలు వేశాడు. అతని దగ్గర మూడు కాళ్ల మీద నిలబడే ఇత్తడి గొట్టం ఉందనీ, అందులోంచి చూస్తే మనుషులు తలకిందులుగా కనిపిస్తారనీ తెలిసి మా పిన్నమ్మలు చీరలు బిగించుకుని ఇళ్లలో దూరారు. నాకు మాత్రం ఆ గొట్టంలో ఒక్కసారి కన్ను పెట్టాలని మహా కోరికగా ఉండేది. మగవాళ్ల భయం వేరు. అంతకుముందు ఏడాది ఇట్లాంటి దొర వచ్చినప్పుడు మూటలు మోయడానికి వెట్టికి పట్టుకుపోయిన పక్కపల్లె మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. అందుకని తెల్లారకముందే మా మొనగాళ్లందరూ, జేజినాయనతో సహా, మగపిల్లల్ని వెంటబెట్టుకుని కొండెక్కి బండల చాటున దాక్కున్నారు. దొర కొలుచుకుని తన దోవన తాను పోతాడనుకున్నారే గానీ, ఏదైనా అడుగుతాడని ఒక్కరికీ తోచలేదు.

పొద్దు బారెడెక్కాక దొర, అతని వెనక కొలతలు రాసే అమీను, ఆ వెనక పక్కూరి మునసబు మా వాకిట్లోకి వచ్చారు. అమీను తెలుగాయనే. విషయం చెప్పాడు. కొండ తమ ఊరి పొలిమేరలోదని మునసబు రాయించుకుంటున్నాడట. దానికి పేరంటూ ఏదీ లేదనీ, దొరగారి పైదొర పేరు పెడితే శోభగా ఉంటుందనీ కూడా చెప్పాడట. మీది అనుకుంటే పేరు, హద్దులు చెప్పండి, పేరైనా తెలియనివాళ్లది కొండ ఎట్లా అవుతుందని దొర అడుగుతున్నాడు అన్నాడు. కొండ మీద ఎండాకాలంలోనూ నీళ్లుండే దోన ఒకటి ఉంది. మా గొడ్లకు ఆ నాలుగు నెలలూ అదే ఆధారం. అది పోతే గొడ్లు చచ్చేవి, ఆ తర్వాత మేమూ పల్లె వదిలి పోవాల్సిందే.

"సామికొండ అయ్యా," అంది జేజి.

"ఈ తాలూకాలో అన్నీ సామికొండలేనమ్మా. ఏ సామి?"

"పైన ఉండాడే, ఆ సామి."

మునసబు నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఓబులప్ప కొండ అని గట్టిగా అరిచేశాను. అమీను నా వైపైనా తిరగలేదు. పసిపిల్ల మాట రాస్తే దొర ఒప్పుకోడన్నాడు.

"బిడ్డ చెప్పిందే అయ్యా. అదే పేరు," అంది జేజి.

అమీను గొంతు తగ్గించాడు. "తల్లీ, నీ కష్టం నాకు తెలుసు. దొరకు తెలియదు. పిల్లకు ఎవరో నేర్పించారంటాడు. నీ నోటితో చెప్పు, రాసుకుని వేలిముద్ర వేయించుకుంటాను."

దొర గడియారం చూసుకున్నాడు. కాగితాలు మడవమని సైగ చేశాడు. జేజి చెయ్యి నా భుజం మీద ఉంది, ఆ వేళ్లు బిగుసుకుంటుంటే నాకు నొప్పి పుట్టింది. ఆమె కొండ వైపు చూసింది. అప్పటికే దొర మనుషులు నలుగురు జెండా పట్టుకుని పైకెక్కుతున్నారు. మా అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "వద్దత్తా, మామ ఆడనే ఉండాడు," అని ఏడ్చింది.

జేజి తాళి చేతిలోకి తీసుకుని కళ్లకద్దుకుంది. "ఓబులప్ప కొండ. దోన మాది, దోవ మాది. రాసుకోప్పా," అంది.

మా అమ్మ చెవులు మూసుకుంది. అమీను రాశాడు, జేజి బొటనవేలికి నల్లసిరా పూసి ముద్ర వేయించుకున్నాడు. మునసబు మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

వాళ్లు కనుమరుగయ్యాక జేజి చెంపలు వాయించుకుని గడపలో కూర్చుంది. మంచినీళ్లు కూడా ముట్టలేదు. సాయంత్రానికి మగవాళ్లు ఒక్కరొక్కరే దిగి వచ్చారు. వచ్చిన ప్రతివాడినీ జేజి "యాడ?" అని ఒక్కమాటే అడిగేది. జెండావాళ్లను చూసి తలో దిక్కూ పరిగెత్తామని, ఆయన్ను మళ్లీ చూడలేదని వాళ్లు చెప్పారు. నాయన, చిన్నాయన మళ్లీ కొండెక్కారు. ఆ పేరు ముందు పలికింది నేనే కదా అని ఏడుస్తుంటే జేజి నన్ను దగ్గరికి లాక్కుంది. "నువ్వంటే ఏం కాదులే. ఏమన్నా అయితే నేనన్నందుకే," అంది. అంత భయంలోనూ నా వంతు తప్పు తన నెత్తిన వేసుకుంది.

పొద్దు గుంకే వేళకు జేజినాయన మా నాయన భుజం మీద వాలి కుంటుకుంటూ వచ్చాడు. బండ మీద జారి మడమ వాచిపోయింది. జేజి ఆ కాళ్ల మీద పడి జరిగిందంతా చెప్పుకుంది. ఆయన ఆమెను భుజాలు పట్టి లేపాడు. "నేను ఇంటికాడ నిలబడి ఉంటే నీకీ గతి పట్టేదా? దాక్కోను నేను పోతి, మాట చెప్పను నువ్వు నిలిస్తివి," అన్నాడు. ఆయన తలవంచుకోవడం నేను చూసింది అప్పుడే.

జేజినాయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. జేజి భయం మాత్రం పోలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉండేది. పెద్దయ్యాక ఈ సంగతి చెబితే మీ జేజి మూఢనమ్మకాన్ని కాలదన్నిందని మెచ్చుకున్నవాళ్లున్నారు. నాకు కోపం వచ్చేది. ఆమె ఏదీ కాలదన్నలేదు. మొగుడి ప్రాణానికి ముప్పని నూటికి నూరుపాళ్లు నమ్మి కూడా పల్లె కోసం నోరు తెరిచింది.

నాకు పెళ్లయిన పదో ఏట మా ఆయన్ను తెలివి తప్పిన స్థితిలో కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాం. రోగి పేరు చెప్తే గానీ చేర్చుకోరు. ఉన్నది నేనూ, మా అత్తా. ఆమెకు ఏడుపుతో మాట పెగల్లేదు, నా చెయ్యి మాత్రం పట్టుకుని వద్దని ఆపింది. చదువుకున్నదాన్నే అయినా నాకూ భయం వేసింది. అయినా ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పాను. ఆయన మూడోనాడు పోయారు. నేను పేరు పలికినందుకేనని మా అత్త బతికున్నంతకాలం అంది. ఆ మాట నన్ను తాకలేదంటే అబద్ధం, ఎన్నో రోజులు ఏడ్చాను. జేజినాయన ఆ సాయంత్రం తిరిగి రాకపోయి ఉంటే మా జేజి కూడా ఇట్లాగే ఏడ్చేది. కానీ చెప్పకుండా ఉండాల్సిందని ఆమె అనేది కాదు, నేనూ ఇంతవరకు అనలేదు.